చేదు ఎవరి నాలుకది?

పాలగ్లాసు గోడకు తగిలి పగిలిన చప్పుడు కింద కళ్ళజోళ్ళ దుకాణం దాకా వినిపించింది.

కళ్ళజోడు కాడను వేడిచేసి వంచుతున్న కోడలి చేయి ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలి దర్జీ తల పైకెత్తి, "ఏమిటమ్మా అది?" అన్నాడు.

"పిల్లి, బాబాయిగారూ."

ఆ ఇంట్లో పిల్లి లేదని దర్జీకి తెలుసు. అయినా ఆయన, "పిల్లుల సంగతి అంతేనమ్మా, ఎంత బాగా చూసుకున్నా పగలగొట్టక మానవు," అంటూ సగం వంగిన జోడునే ముక్కుమీద పెట్టుకుని, మళ్ళీ వస్తానని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మర్యాదే ఆమెను ఎక్కువగా నొప్పించింది. మెట్లెక్కి పైకి పరుగెత్తింది.

మరిది గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని వేళ్ళు వణుకుతున్నాయి. అత్తగారు నేలమీద కూర్చుని గాజుముక్కలు ఏరుతున్నారు. భర్త తలుపుకు అడ్డంగా నిలబడి, ఎప్పటిలాగే చిరునవ్వు నవ్వుతున్నాడు.

"చేదుగా ఉన్నాయన్నాను," అన్నాడు మరిది. మాట నాలుకకు అంటుకుని సాగుతోంది. "మొన్నా చెప్పాను. నిన్నా చెప్పాను."

"పాలు చేదుగా ఉండవు నాయనా," అన్నారు అత్తగారు తలెత్తకుండానే.

"నేనూ అదే అంటున్నానమ్మా. పాలు చేదుగా ఉండవు. మరి ఇవెందుకున్నాయి?"

"ఒరే చిన్నా, సరేలేరా. రేపటినుంచి పాలు ఇంకోచోట తెప్పిద్దాం. ఇప్పుడు నిన్నెవరూ ఏమీ అనలేదు గదా? కాసేపు పడుకో," అన్నాడు భర్త.

"ఎవరూ ఏమీ అనరన్నయ్యా, అదే నా బాధ. గ్లాసు పగలగొట్టినా ఒక్కరూ తిట్టరేం? వదినా, పోనీ నువ్వైనా తిట్టు."

ఆమె భర్త వైపు చూసింది. అతని కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి. ఆ సైగకు అర్థం ఆమెకు తెలుసు. తమ్ముడు తిరిగి రావడానికి ముందురోజే అతడు తల్లినీ భార్యనూ కూర్చోబెట్టి ఒట్టు వేయించుకున్నాడు. వాడున్నన్నాళ్ళూ ఇంట్లో గొంతు లేవకూడదు. కటువు మాట రాకూడదు. వాడు ఏమన్నా నవ్వుతూ సర్దుకుపోవాలి.

"నీ నాలుకే చేదుగా ఉందేమో మరిదీ," అన్నది ఆమె నవ్వు తెచ్చుకుని. నిన్న కూడా ఇదే మాట అన్నది. ఆ పాలు ఒక్క చుక్కైనా తన నాలుకమీద వేసుకుని చూడలేదు.

"అంతేనేమో," అన్నాడతడు.

అనుమానాన్నంతా తనమీదికే మళ్ళించుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు. కోపంతో అరిచినా ఆమెకు అంత దిగులు కలిగేది కాదు. 

ఇంటికి వచ్చిన కొత్తలో అతడు ఇలా లేడు. రైల్లో వెళ్ళేంత దూరాన, వేరే ఊరి అంచున, మనసు చెదిరినవారు కలిసి బతికే నివాసం ఒకటుంది. అక్కడివారు దానిని పెద్దిల్లు అంటారు. అక్కడ చాలాకాలం ఉండి, ఇంట్లో ఇమడగలడో లేదో చూసుకోమని పంపగా వచ్చినవాడు, వచ్చినరోజే కింద సానరాయి ముందు కూర్చున్నాడు. అద్దాల అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీశాడు. తరువాత ఏమైందో ఏమో, నడక తూలడం మొదలైంది. పట్టపగలు నిద్ర ముంచుకొస్తోంది. నిన్న రెండు అద్దాలు చేతిలోనే బద్దలయ్యాయి.

ఈరోజు పెద్దింటినుంచి ఇద్దరు వస్తున్నారు. అందరితో కలిసి కూర్చుని, అతడు ఇంట్లో ఉండాలో తిరిగి వెళ్ళాలో తేలుస్తారు. ఆ చేతుల వణుకు చూస్తే ఏమి తేలుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు.

"ఏమండీ, మళ్ళీ మొదటికొచ్చినట్టేనా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ష్," అన్నాడు భర్త. "వాళ్ళ ముందు మాత్రం ఎవరూ బయటపడకండి. అంతా బాగుందనే చెప్పాలి."

"బాగులేదు గదండీ."

"బాగుందనుకుంటే బాగుంటుంది," అని అతడు చీపురు కోసం వెళ్ళాడు.

*

వచ్చినవారిలో ఒకాయన పొడగరి. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ఉంది. ఇస్త్రీ కోటు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఆయనతో వచ్చిన పొట్టి ఆవిడ గుమ్మంలోనే తెగిన చెప్పు విప్పి, నేలమీద చతికిలబడి, సూదీ దారం ఉంటే ఇమ్మని అడిగింది. కుట్టుకుంటూ తనలో తాను ఏదో గొణుక్కుంటోంది.

"మేం పెద్దింటి వాళ్ళం," అన్నాడాయన. అంతకుమించి చెప్పలేదు. ఎవరు వైద్యులో ఎవరు రోగులో గుమ్మంలో చాటుకోవడం అక్కడి ఆచారం కాదు.

అత్తగారికి చాటవలసిన పని కూడా లేకపోయింది. ఆయనకు వాలుకుర్చీ వేసి, విసనకర్ర తెప్పించి, ఆవిడకు మాత్రం పసిపిల్లతో చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, "సూది... జాగ్రత్త... తల్లీ... గుచ్చుకుంటుంది," అన్నారు.

"అలాగేనండీ," అన్నది ఆవిడ వినయంగా.

"డాక్టరుగారూ, మా మోకాలు మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటోంది."

"అమ్మా, నేను డాక్టర్ని కానండీ."

"నిండుకుండ తొణకదంటారు, అందుకే మీరు చెప్పుకోరు. మోకాలు సంగతి చెప్పండి."

"మెట్లు దిగడం మానేసి చూడండి," అన్నాడాయన దీనంగా.

"చూశావా అమ్మాయీ," అన్నారు అత్తగారు కోడలితో, "ముందరి డాక్టరు మందులు రాశాడు. ఈయన మూలం పట్టుకున్నాడు."

కోడలికి నవ్వు వచ్చింది, అనుమానమూ వచ్చింది. ఆవిడ వైపు తిరిగి చూస్తే ఆవిడ దారం పళ్ళతో కొరుకుతోంది. ఎవరిని ఏమని పిలవాలో తెలియక ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టసాగింది.

ఆమె వెనకనే అత్తగారు ఆ పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. కోడలు పొయ్యి దగ్గర ఉన్నదని తెలిసినా, లేనట్టే భావించి ఆయన చెవి దగ్గరికి వంగారు.

"మీ ఒక్కరికే చెబుతున్నాను, కడుపులో పెట్టుకోండి. వాడి మాత్రలు వాడి జేబులోనే ఉంచి పంపించారు మీరు. మింగుతున్నాడో ఉమ్మేస్తున్నాడో ఎవరు చూశారు? పాత సీసా ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే, అందులోవి నలిపి పొద్దునా రాత్రీ పాలల్లో కలుపుతున్నాను. మోతాదు సరిపోతుందో లేదో కాస్త చెబుతారని..."

టీగిన్నె పొంగి పొయ్యిమీద పడింది. కోడలు దానిని దించడం మరచిపోయింది.

పెద్దమనిషి ముఖంలో నెత్తురు లేదు. "ఇవాళ తాగాడా?"

"ఎక్కడ, విసిరికొట్టాడు."

"మంచిపని చేశాడు," అన్నాడాయన. "అమ్మా, ఇది ఒక్క చెవిలో దాచుకునే మాట కాదు. పదండి."

*

కింద, కళ్ళు పరీక్షించే గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. మరిదిని లేపి తెచ్చారు. అతడు వస్తూనే చెప్పు కుట్టుకున్న ఆవిడను చూసి, "వచ్చావా అక్కా," అన్నాడు. పెద్దమనిషిని చూసి, "పోస్టుమాస్టారూ, మీరు రైలెక్కి ఇంతదూరం వచ్చారా! భయం వెయ్యలేదా?" అన్నాడు.

"వేసిందిరా. సొరంగం వచ్చినప్పుడు అక్క చెయ్యి పట్టుకున్నాను," అన్నాడాయన.

అత్తగారు ఇటూ అటూ చూశారు. ఏదో తేడా ఉన్నదని తోచింది కాని ఏమిటో అందలేదు.

పోస్టుమాస్టారు కూర్చోలేదు. "మన పెద్దింట్లో ఒక కట్టుబాటుంది. ఒకరి గురించి వాళ్ళు లేనిచోట మాట్లాడకూడదు. మాట్లాడితే తెచ్చి మధ్యలో పెట్టాలి. ఇందాక ఈ అమ్మగారు నా చెవిలో ఒక మాట వేశారు. ఆవిడే చెబితే బాగుంటుంది."

"అయ్యో డాక్టరుగారూ! కడుపులో పెట్టుకోమంటే..."

"నేను డాక్టర్ని కానని ముందే చెప్పానమ్మా. ఆ ఇంట్లో వైద్యం చేయించుకుంటున్నవాణ్ణి. డాక్టరు ఆవిడ."



"ఈ... చెప్పు కుట్టుకున్న ఆవిడా?" అన్నారు అత్తగారు.

"కుట్టు అంత బాగా రాలేదులెండి," అన్నది డాక్టరమ్మ. ఆమె ముఖంలో నవ్వు లేదు. "మాట చెప్పండమ్మా."

అత్తగారు పెద్దకొడుకు వైపు చూశారు, గోడమీది అక్షరాల పట్టిక వైపు చూశారు. కోడలి నోటివెంట ఆ మాట తనకు తెలియకుండానే వచ్చేసింది.

"పాలల్లో మాత్రలు కలుపుతున్నారు."

డాక్టరమ్మ చటుక్కున లేచింది. సీసా తెప్పించి చూసింది. మరిది కనురెప్పలు ఎత్తి చూసి, నాడి పట్టి, చేతులు చాపించి, గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించింది. "నీ మాత్రలు నువ్వు వేసుకుంటున్నావా?" అని అడిగింది.

"వేసుకుంటున్నాను. ఒక్కపూటా మానలేదు."

"అయితే రెండింతలు పడుతోంది. ఈ తూలడం, ఈ వణుకు, ఈ నిద్ర అంతా అదే. నిలిపేస్తే తగ్గుతుంది. ఈరోజే రక్తపరీక్ష చేయిద్దాం. ప్రమాదం దాకా రాలేదు, కాని వచ్చేదే."

మరిది కుర్చీలో కూర్చున్నాడు. ఏడుస్తాడని కోడలు అనుకున్నది. అతడు నవ్వాడు.

"అయితే చేదు నిజమేనన్నమాట," అన్నాడు. "నా నాలుక నాదేనన్నమాట." మళ్ళీ అన్నాడు. తరువాత ఆ నవ్వు ముఖంమీదినుంచి జారిపోయింది. "నాకు మళ్ళీ పిచ్చెక్కుతోందని రోజూ గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చానమ్మా. నిన్ను అడిగితే చేదు లేదన్నావు. వదిన్ని అడిగితే నా నాలుకన్నది. అన్నయ్య పాలవాణ్ణి మారుద్దామన్నాడు. ఎవరిని నమ్మను?"

"ప్రేమకొద్దీ చేశానురా! విషం పెట్టానా?"

"ఈయన ఒట్టు వేయించుకున్నారు మాచేత," అన్నది కోడలు. ఒకసారి తెరుచుకున్న నోరు ఇక మూతపడేటట్టు లేదు. "అందరం తియ్యగా ఉండాలట. ఈ ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయమేస్తోంది అత్తయ్యా!"

"ఓహో, తప్పంతా నాదీ నా కొడుకుదీనా? మొన్న వాడి గదికి బయట గడియ పెట్టింది ఎవరమ్మా? నేనా?"

"దుకాణంలో జనం ఉన్నారని పెట్టాను!"

"అదిగో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు..."

"ఇద్దరూ ఆగండి," అన్నాడు భర్త, నవ్వుతూనే.

"ఆపొద్దు," అన్నది డాక్టరమ్మ. "అమ్మా, ప్రేమ కాదని ఎవరూ అనలేదు. మాత్ర ఇతని ఒళ్ళు తడబడేలా చేసింది. అది తగ్గిపోతుంది. ఉన్న చేదును మీరు లేదన్నారు చూడండి, అది మనసు తడబడేలా చేస్తుంది. తన నాలుక మీదే నమ్మకం పోతే మనిషి దేన్ని పట్టుకుని నిలబడాలి?"

"మరి లేనివి ఉన్నాయన్నాడు కదమ్మా వీడు! గోడలోంచి ఎవరో పిలుస్తున్నారన్నాడు. దాన్నీ అవుననమంటారా?"

"అనొద్దు. నాకు వినిపించడం లేదనండి. అది నిజం. నీకూ వినిపించడం లేదని మాత్రం అనకండి. అది మీకు తెలియదు."

అత్తగారు తల పట్టుకున్నారు. "నాకేమీ బోధపడటం లేదు. రోగి డాక్టరంటారు, డాక్టరు చెప్పులు కుడుతుంది. చేదు నిజమంటారు, పిలుపు అబద్ధం కాదంటారు. నాకే ఏదో అయ్యేట్టుంది."

కోడలికీ అలాగే ఉన్నది. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఒక గీత ఉండేది. గీతకు అవతల మరిది, ఇవతల తాము. ఇప్పుడు వెతుకుతూ ఉంటే ఆ గీత కనబడటం లేదు. క్షీరసాగరాన్ని చిలికినప్పుడు కూడా ముందుగా పైకి వచ్చినది విషమేనని చిన్ననాడు విన్న కథ తోచింది. అయితే అక్కడ దానిని మింగడానికి ఒక దేవుడున్నాడు. ఇక్కడ ఎవరు మింగాలి?

"పిలుపులు ఇప్పటికీ వినిపిస్తాయమ్మా, అప్పుడప్పుడూ," అన్నాడు మరిది మెల్లగా. "మా ఇంట్లో దాచలేదు. పొద్దున సభలో చెప్పేవాణ్ణి. పోస్టుమాస్టారు, ఇవాళ ఏ ఊరినుంచిరా పిలుపు, ముద్ర పడిందా అని ఎగతాళి చేసేవారు. నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ మీరంతా అంత తియ్యగా ఉంటే ఎలా చెప్పను?"

'మా ఇంట్లో' అన్న మాట అత్తగారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. 

 వీధిలో ఎవరో దుకాణం తలుపు తట్టి, పలుకు లేకపోయేసరికి వెళ్ళిపోయారు.

"తేల్చవలసిన మాట అలాగే ఉంది," అన్నది డాక్టరమ్మ. "ఇతను ఇక్కడ ఉండాలా, మాతో రావాలా? ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. ముందు నువ్వు చెప్పు."

"ఉండాలనే ఉంది," అన్నాడు మరిది. "సానరాయి దగ్గర కూర్చోవాలని ఉంది. కానీ నాకు తెలియకుండా నాకేదీ పెట్టనంటేనే. నా గురించి నేను లేనప్పుడు గుసగుసలు పోనంటేనే. తిట్టాలనిపిస్తే తిట్టాలి. లేకపోతే ఈ సాయంత్రం బండికే వచ్చేస్తాను."

అత్తగారు ముఖం కప్పుకుని, "ఉండరా. తిడతాను. ఎంత కావాలంటే అంత తిడతాను," అన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"మీరు?" అని డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది.

అతడు కళ్ళు పరీక్షించే ఎత్తుకుర్చీలో కూర్చున్నాడు. ఎంతోమందిని అదే కుర్చీలో కూర్చోబెట్టి, ఇది స్పష్టమా అది స్పష్టమా అని అద్దాలు మార్చి మార్చి ఓపికగా అడిగినవాడు. ఇప్పుడు తన చేతులు చూసుకుంటున్నాడు.

"మాత్రలు కలపమన్నది నేనే," అన్నాడు.

"వాడు కాదు," అన్నారు అత్తగారు వెంటనే. "నేనే..."

"ఊరుకో అమ్మా. నేనే చెప్పాను. సీసా వెతికి ఇచ్చింది కూడా నేనే." అతని ముఖంమీద చిరునవ్వు అలాగే ఉన్నది. దానిని ఎలా తీసివేయాలో అతనికి తెలియడం లేదని కోడలికి మొదటిసారిగా తోచింది. "వచ్చినరోజు చిన్నాడు అద్దం అరగదీశాడు చూడండి, నేను వెలుతురుకు పట్టి చూశాను. నాకంటే నున్నగా వచ్చింది. సంతోషించాలి గదా? రాత్రంతా ఎదురుచూశాను, సంతోషం రాలేదు. భయమేసింది."

"ఎందుకన్నయ్యా?"

"నాన్న పోయినప్పటినుంచి నాకున్న పని నిన్ను చూసుకోవడమొక్కటే కదరా. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా, తమ్ముడికి ఇలా ఉందనే చెప్పాను. నా సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నీకు నేను అక్కర్లేకపోతే నేనేమిటో నాకు తెలియలేదు. నువ్వు మంచంమీద ఉంటే నాకు... తెలిసిన ఇల్లులా ఉంటుంది."

మరిది లేచి అన్న వైపు రెండడుగులు వేశాడు. తూలాడు. పోస్టుమాస్టారు పట్టుకున్నాడు. అతడు అక్కడే నిలబడిపోయాడు, కోపమో జాలియో తనకే తెలియనివాడిలా.

"నా మాట అడిగారు కదా," అన్నాడు భర్త. "వాడు ఉండాలి. ఇక్కడినుంచి వెళ్ళవలసింది వాడు కాదు." అతడు డాక్టరమ్మ ముఖంలోకి చూశాడు. "సాయంత్రం బండికి నేను వస్తాను. కొన్నాళ్ళు మీ ఇంట్లో నన్ను ఉండనిస్తారా?"

"ఒరే పెద్దాడా, నీకేమైందిరా! నిక్షేపంలా ఉన్నావు!" అని అత్తగారు కేక పెట్టారు.

డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక్కరే తేల్చడం ఆ ఇంటి పద్ధతి కాదు. ఆమె చూపు నెమ్మదిగా కుర్చీల వరుస వెంట తిరిగి, ఇంతవరకూ తన మాట చెప్పని ఒకే ఒక్కరి దగ్గర ఆగింది.

భర్త కూడా భార్య వైపే తిరిగాడు. ఇప్పుడతని ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేని ఆ ముఖాన్ని ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ చూడలేదు. ఎవరో తెలియని మనిషి ముఖంలా ఉన్నది.

"నువ్వు చెప్పు," అన్నాడతడు. "వెళ్ళమంటావా?"

వద్దంటే అతడు మళ్ళీ ఎప్పటిలాగే ఆ చిరునవ్వు నవ్వుతాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.